చెక్కు చెదరని డాక్టర్ జో

పోయిన నెల ఈ పేజీకి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది కెడా రాష్ట్రంలో ఉంటున్న ఒక చెల్లెలు. రెండేళ్లుగా తెలుగు నేర్చుకుంటోంది. అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. విషయం మాత్రం అంత ముచ్చటగా లేదు. డిసెంబరు సెలవుల్లో ముత్తాతగారి ఊరు చూద్దామని శ్రీకాకుళం వైపు వెళ్లిందట. స్టేషన్లో "పొగబండి ఎన్ని గంటలకండీ?" అని అడిగితే పక్కనున్న కుర్రాళ్లు పగలబడి నవ్వారట. "అప్పటి నుంచి నేను నోరు విప్పలేదు మాస్టారూ. ఊరంతా ఇంగ్లీషులోనే తిరిగి వచ్చాను" అని రాసింది.

పొగబండి తప్పు మాట కాదమ్మా. మీ ముత్తాతగారు ఓడ ఎక్కిన రోజుల్లో ఆ ఊళ్లో అందరూ అదే అనేవారు. వాళ్లు ఆ మాటను వదిలేసి "ట్రైన్" అంటున్నారు. మనం రబ్బరు తోటల్లో దాన్ని దాచుకున్నాం. అయితే ఈ జవాబు సరిపోదని నాకూ తెలుసు. మాట సరైనదే అని తెలిసినంత మాత్రాన, ఆ నవ్వు చెవిలోంచి పోదు. అందుకే ఈ నెల మాటతో పాటు ఒక మనిషి కథ కూడా చెబుతాను. ఆయన ఫుట్‌బాల్ కోచ్. మన జట్టుకు కూడా కొన్నాళ్లు పాఠం చెప్పి వెళ్లినవాడే.

ముందు మాట చూద్దాం. ఈ నెల మాట "చెక్కు".

సొరకాయ చెక్కు తీసి ముక్కలు కోస్తాం. ఇక్కడ చెక్కు అంటే పైన ఉండే తొక్క. పెన్సిల్ మొద్దుబారితే చెక్కుతాం. శిల్పి రాయిని చెక్కుతాడు. ఇక్కడ అది చేసే పని. బ్యాంకులో ఇచ్చే చెక్కు మనందరికీ తెలుసు, అది ఇంగ్లీషు నుంచి వచ్చింది. కుర్రాళ్ల భాషలో ఇంకోటి ఉంది: "వాడు క్లాసు మధ్యలో చెక్కేశాడు" అంటే చెప్పకుండా జారుకున్నాడు అని. పెద్దవాళ్ల ముందు అనకండి. చివరిగా ఒక నానుడి: "చెక్కు చెదరలేదు". ఎంత దెబ్బ తగిలినా ఏమీ కాలేదు, ఉన్నది ఉన్నట్టే ఉంది అని అర్థం. ఈ మాటలన్నీ మన కోచ్‌గారి కథలో ఏదో ఒక చోట తగులుతాయి.

ఆయన పేరు యోజెఫ్ వెంగ్లోష్. 1936 ఫిబ్రవరి 18న రుజోంబెరోక్ అనే పట్నంలో పుట్టాడు. అది వాహ్ నది ఒడ్డున, కొండల మధ్య ఉంటుంది. ఇప్పుడు ఆ చోటు స్లొవేకియా దేశంలో ఉంది. ఆయన పుట్టినప్పుడు దాన్ని చెకొస్లొవేకియా అనేవారు. రెండు జాతులు కలిసి ఉన్న దేశం అది: చెక్‌లు, స్లొవాక్‌లు. భాషలు దగ్గరవే, ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది. కానీ ఒకటి కాదు. వెంగ్లోష్ స్లొవాక్. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1954 నుంచి 1966 దాకా స్లొవన్ బ్రాటిస్లావా జట్టులో మిడ్‌ఫీల్డ్‌లో ఆడాడు. ఆడుతూనే చదివాడు. వ్యాయామ విద్యలో డాక్టరేటు తెచ్చుకున్నాడు. అందుకే ఇంగ్లీషు వాళ్లు ఆయన్ని "డాక్టర్ జో" అన్నారు. జబ్బులు నయం చేసే డాక్టరు కాదు, చదువుకున్న డాక్టరు. ముప్పై ఏళ్లకు ఆట ఆపి, బూట్లు విప్పి, ఎక్కడికి వెళ్లాడనుకున్నారు? ఆస్ట్రేలియాకి. సిడ్నీలో వలస వచ్చినవాళ్లు పెట్టుకున్న "ప్రాగ్" అనే క్లబ్బు ఒకటి ఉండేది. దానికి కోచ్ అయ్యాడు. 1967లో కొన్నాళ్లు ఆస్ట్రేలియా జాతీయ జట్టును కూడా చూశాడు. కోచ్‌గా ఆయన మొదటి పాఠశాల ఇల్లు వదిలి వచ్చినవాళ్ల క్లబ్బే అన్నమాట.

తిరిగి వెళ్లాక సొంత గూడు స్లొవన్‌కే కోచ్ అయ్యాడు. 1974లో, 1975లో స్లొవన్ వరసగా దేశ చాంపియన్. ఆ మరుసటి ఏడాది అసలు పండగ. 1976 జూన్ 20న బెల్‌గ్రేడ్‌లో యూరోపియన్ చాంపియన్‌షిప్ ఫైనల్. ఒక పక్క పశ్చిమ జర్మనీ, అప్పటి ప్రపంచ చాంపియన్. ఇంకో పక్క చెకొస్లొవేకియా. ప్రధాన కోచ్ వాత్స్లావ్ యెజెక్, ఆయన పక్కన సహాయకుడు వెంగ్లోష్. ఒకరు చెక్, ఒకరు స్లొవాక్. ఆట 2-2తో ఆగింది. పెనాల్టీలు వచ్చాయి. చివరి పెనాల్టీని ఆంతొనీన్ పనెంకా బలంగా కొట్టలేదు. గోల్‌కీపర్ పక్కకు దూకాక, బంతిని నెమ్మదిగా మధ్యలోంచి పైకి లేపి వదిలాడు. ఇప్పటికీ అలాంటి పెనాల్టీని ప్రపంచమంతా "పనెంకా" అనే అంటారు. ఆ జట్టులో చాలామంది స్లొవాక్‌లే, కెప్టెన్ అంతొన్ ఒండ్రూష్ కూడా. బయటివాళ్లు మాత్రం అందరినీ కలిపి "చెక్‌లు" అనేవారు.

ఇది మనకు కొత్త కాదు కదా. ఇక్కడ ఎవరైనా పరిచయం అవగానే "మీరు తమిళులా?" అని అడుగుతారు. "కాదండీ, తెలుగు" అంటే, "రెండూ ఒకటే కదా" అంటారు. తమిళులు మన పక్కింటివాళ్లు, చుట్టాల్లాంటివాళ్లు, వాళ్లతో పేచీ ఏమీ లేదు. కానీ ఒకటి కాదు. ఎన్నిసార్లు చెప్పాలి అనిపించి నవ్వి ఊరుకుంటాం. నేనైతే ఊరుకున్నాను, చాలాసార్లు.

1978లో వెంగ్లోష్ జాతీయ జట్టుకు ప్రధాన కోచ్ అయ్యాడు. 1980 యూరోపియన్ పోటీల్లో మూడో స్థానం. అందుకోసం నేపుల్స్‌లో ఇటలీతో 1-1గా ఆడి, పెనాల్టీల్లో 9-8తో గెలిచారు. సొంత ఊళ్లో ఇటలీ ఓడిపోయింది! 1982 ప్రపంచ కప్ బాగా సాగలేదు, దాన్ని దాటేద్దాం. తర్వాత పోర్చుగల్ వెళ్లి స్పోర్టింగ్ లిస్బన్‌ను ఒక సీజన్ నడిపాడు. ఆ తర్వాత, 1980ల మధ్యలో, మన దగ్గరికి వచ్చాడు.

అవును, మలేషియా జాతీయ జట్టుకు ఆయన కోచ్. మా నాన్నగారు అప్పుడు తోటలో పని మానేసి పట్నంలో స్టోర్ చూసుకునేవారు. బోలా అంటే ప్రాణం. కొత్త కోచ్ పేరు పేపర్లో చూసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "డాక్టరట! డాక్టరయి ఉండి బంతి తన్నడం నేర్పడమేంట్రా?" అని ఆశ్చర్యపోయారు. మా ఇంట్లో ఆయన పేరు ఎప్పుడూ సరిగ్గా పలకలేదు. నాన్నగారికి "వెంకులోసు". అమ్మకు "ఆ తెల్లడాక్టరు". నిజం చెప్పాలంటే మేం కూడా ఆయన్ని చెక్ అనే అనుకున్నాం. అంటే మేమూ ఆ రెండూ ఒకటే అన్నవాళ్లమే.

ఇప్పుడు కథలో ముఖ్యమైన చోటికి వచ్చాం. 1990 ప్రపంచ కప్. వెంగ్లోష్ మళ్లీ చెకొస్లొవేకియా కోచ్. అమెరికా మీద 5-1, ఆస్ట్రియా మీద 1-0, కోస్టారికా మీద 4-1. తొమాష్ స్కుహ్రావీ మొత్తం 5 గోల్స్ కొట్టాడు. క్వార్టర్ ఫైనల్లో, మిలాన్ నగరంలో, పశ్చిమ జర్మనీ చేతిలో 1-0తో ఓడారు. ఆ ఒక్క గోల్ లొతార్ మతేయుస్ పెనాల్టీ. ఆ జర్మనీయే కప్పు గెలిచింది.

అదే జూలైలో ఇంగ్లండులో ఆస్టన్ విల్లా క్లబ్బు కోచ్ గ్రాహం టేలర్ జాతీయ జట్టుకు వెళ్లిపోయాడు. అంతకుముందు సీజన్లో విల్లా లీగ్‌లో రెండో స్థానం. ఆ కుర్చీలో క్లబ్బు అధ్యక్షుడు డగ్ ఎల్లిస్ కూర్చోబెట్టింది వెంగ్లోష్‌ని. ఇంగ్లండు మొదటి డివిజన్లో, బ్రిటన్, ఐర్లండ్ దేశాలకు బయట పుట్టిన మొట్టమొదటి మేనేజర్ ఆయనే. ఇప్పుడు ఆ లీగ్‌లో స్పెయిన్ వాళ్లు, పోర్చుగల్ వాళ్లు, జర్మన్లు కనిపిస్తే ఎవరూ తల తిప్పి చూడరు. అప్పుడు అలా కాదు. ఆయన ఎవరు, ఎక్కడివాడు, ఆ పేరు ఎలా పలకాలి అన్నదే వార్త. ప్రపంచ కప్‌లో మొన్ననే క్వార్టర్ ఫైనల్ ఆడించిన మనిషి గురించి అడిగిన ప్రశ్నలు ఇవి.

మొదట్లో బాగానే ఉంది. యువెఫా కప్‌లో ముందు ఆయన సొంత దేశపు క్లబ్బు బానీక్ ఒస్ట్రావానే ఓడించారు. తర్వాత 1990 అక్టోబరు 24న విల్లా పార్క్‌కు ఇంటర్ మిలాన్ వచ్చింది. మతేయుస్, క్లిన్స్‌మన్, బ్రెమె, ముగ్గురూ ప్రపంచ చాంపియన్లు. విల్లా 2-0తో గెలిచింది. ఆ రాత్రి బర్మింగ్‌హామ్‌లో పండగే. రెండు వారాల తర్వాత మిలాన్‌లో రెండో ఆట. నాలుగు నెలల క్రితం ప్రపంచ కప్ పోగొట్టుకున్న అదే సాన్ సీరో మైదానం, ఎదురుగా అదే మతేయుస్. 3-0తో ఓటమి. ఆ ఏడాది ఆ కప్పు ఇంటరే గెలిచింది.

ఆ తర్వాత విల్లా జారిపోయింది. ఇక్కడ ఆయనను పూర్తిగా వెనకేసుకు రాలేను. ("వెనకేసుకు రావడం" అంటే మనవాడే కదా అని తప్పును కూడా సమర్థించడం.) వెంగ్లోష్ ఆటగాళ్ల తిండి గురించి మాట్లాడాడు. ఆట అయ్యాక ఒళ్లు నెమ్మదిగా చల్లార్చుకోవాలన్నాడు. అప్పటి ఇంగ్లండు ఆటగాడికి ఆట అయ్యాక బీరు, వేపుడు తిండి అలవాటు. మెల్లగా, మర్యాదగా మాట్లాడే ఈ పెద్దమనిషి చెప్పింది వాళ్ల తలకెక్కలేదు. ఎక్కించేలా చెప్పడం కూడా కోచ్ పనే అని నా అభిప్రాయం. మన మాస్టార్లకు తెలుసు, పిల్లలకు అర్థం కాని పాఠం ఎంత గొప్పదైనా సగం పాఠమే. సీజన్ చివరికి 20 జట్లలో విల్లా 17వది. కింది డివిజన్‌కు పడిపోయిన రెండు జట్లకు కొంచెం పైన. ఏడాది తిరక్కుండానే ఆయన సామాను సర్దుకున్నాడు.

1996లో ఫ్రాన్స్ దేశస్థుడు ఆర్సెన్ వెంగర్ అనే మరో బక్కపలచని చదువరి లండన్‌కు వచ్చాడు. ఆయన్ని కూడా "ఎవరీయన?" అనే అన్నారు. ఆయన కూడా తిండి మార్చమన్నాడు, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేయించాడు. 1998లో ఆర్సెనల్ లీగ్ గెలిచింది, ఎఫ్.ఎ. కప్ కూడా గెలిచింది. ఆ మాటలు అంతకుముందే ఒకాయన బర్మింగ్‌హామ్‌లో చెప్పి వెళ్లాడని అప్పటికి ఎంతమందికి గుర్తుందో.

ఇంకొకడైతే విల్లా తర్వాత చెక్కేసేవాడు. ఇంట్లో కూర్చుని పుస్తకం రాసుకునేవాడు. వెంగ్లోష్ ఇస్తాంబుల్ వెళ్లి ఫెనర్‌బాచె జట్టును తీసుకున్నాడు. 1993 జనవరి 1న చెకొస్లొవేకియా రెండు దేశాలుగా విడిపోయింది. కొత్త స్లొవేకియా జట్టుకు మొదటి కోచ్ ఎవరో చెప్పక్కర్లేదు. 1994 ఫిబ్రవరి 2న దుబాయ్‌లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌తో ఆడి 1-0తో గెలిచారు. తర్వాత ఒమన్ జాతీయ జట్టు. గల్ఫ్‌లో ఉన్న మన తెలుగువాళ్లలో ఆ రోజుల్లో మస్కట్ మైదానంలో ఆయన్ని చూసినవాళ్లు ఉంటే రాయండి.

1998. ఆయనకు 62 ఏళ్లు. స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో సెల్టిక్ అనే పెద్ద క్లబ్బు. అంతకుముందే లీగ్ గెలిచి, ప్రత్యర్థి రేంజర్స్ వరసగా పదోసారి గెలవకుండా ఆపింది. గెలిపించిన కోచ్ వెళ్లిపోయాడు. అభిమానులు పెద్ద పేరు కోసం ఎదురుచూస్తున్నారు. వచ్చింది వెంగ్లోష్. ఒక పత్రిక శీర్షిక పెట్టింది. ఆ చమత్కారాన్ని తెలుగులో చెప్పడం చాలా తేలిక, మన మాట సాయం చేస్తుంది. బ్యాంకు చెక్కు, దేశం పేరు చెక్, రెండూ ఇంగ్లీషులో ఒకేలా వినిపిస్తాయి. మొత్తం రాయకుండా సంతకం పెట్టేది ఖాళీ చెక్కు. "సెల్టిక్ సంతకం చేసింది ఖాళీ చెక్ మీద" అన్నారు. అంటే ఈయనలో ఏమీ లేదు అని.

ఎద్దేవా చేశారు. (నవ్వుతూ తక్కువ చేసి మాట్లాడటాన్ని అలా అంటాం.) అందులో ఇంకో చమత్కారం వాళ్లకు తెలియకుండానే ఉంది. ఆయన చెక్కే కాదు! అప్పటికి స్లొవేకియా వేరే దేశమై అయిదేళ్లు దాటింది, దాని మొదటి కోచ్ ఆయన. ఆ శీర్షిక పెట్టినాయన కనీసం అది కూడా చూసుకోలేదు.

నవంబరులో వెంగ్లోష్ ఒక ఆటగాణ్ణి తెచ్చాడు. లుబొమీర్ మొరావ్‌చీక్. స్లొవేకియాలోని నిట్రా ఊరివాడు, 1990 ప్రపంచ కప్‌లో తన జట్టులోనే ఆడినవాడు. అప్పటికి 33 ఏళ్లు. జర్మనీలో ఒక క్లబ్బు నుంచి సుమారు 3 లక్షల పౌండ్లకు తెచ్చారు. రేంజర్స్ కోట్ల పౌండ్లు కుమ్మరిస్తున్న రోజులవి. మళ్లీ నవ్వారు. ముసలి కోచ్ తన ముసలి స్నేహితుణ్ణి తెచ్చుకున్నాడు అన్నారు. వెంగ్లోష్‌కు మాత్రం తెలుసు. ఆ కుర్రాడు ఏ కాలితో బంతిని తాకుతాడో ఎదుటివాడు చెప్పలేడు, రెండు కాళ్లూ ఒకటే అతనికి. ఎనిమిదేళ్ల ముందు చెక్కిన శిల్పం అది, చేతికి గుర్తుంటుంది.

1998 నవంబరు 21. సెల్టిక్ పార్క్‌లో రేంజర్స్‌తో ఆట. గ్లాస్గోలో ఈ ఆట అంటే ఊరు రెండుగా చీలిపోతుంది. సెల్టిక్ 5, రేంజర్స్ 1. మొరావ్‌చీక్ రెండు గోల్స్. హెన్రిక్ లార్సన్ రెండు. చివరిది కుర్రాడు మార్క్ బర్చిల్‌ది. అరవై వేలమంది పట్టే ఆ మైదానంలో, నిన్నటిదాకా పేరు పలకడం రానివాళ్లు ఇప్పుడు ఆ పేరే అరుస్తున్నారు.

ఇక్కడితో ఆపేస్తే సినిమా కథ అయిపోతుంది. కానీ ఆ సీజన్లో లీగ్ రేంజర్స్‌దే. 1999 మే 29న స్కాటిష్ కప్ ఫైనల్లోనూ రేంజర్స్ 1-0తో గెలిచింది. వెంగ్లోష్‌కు సెల్టిక్‌లో ఒక్క కప్పు కూడా దక్కలేదు. ఒక సీజన్‌తో ఆయన కోచ్ పని ముగిసింది. తెచ్చిన ఆటగాడు మాత్రం ఉండిపోయాడు. 2001లో సెల్టిక్ ఆ ఏడాది ఉన్న మూడు కప్పులూ గెలిచినప్పుడు, మరుసటి ఏడాది మళ్లీ లీగ్ గెలిచినప్పుడు, మొరావ్‌చీక్ ఆ జట్టులో ఉన్నాడు. "ఖాళీ చెక్కు" మీద ఎంత రాసి ఉందో గ్లాస్గో వాళ్లు అప్పుడు లెక్కపెట్టుకున్నారు. ఈ రోజుకీ సెల్టిక్ అభిమానులు ఆ 3 లక్షల గురించి ముచ్చటగా చెప్పుకుంటారు.

66 ఏళ్ల వయసులో జపాన్ వెళ్లాడు, జెఫ్ యునైటెడ్ ఇచిహారా జట్టుకు. అటు చాలా ఏళ్లు యూరప్ కోచ్‌ల సంఘాల సమాఖ్యకు అధ్యక్షుడిగా ఉన్నాడు. పడాంగ్‌లో పిల్లలకు పాఠం చెప్పే కోచ్‌ల దగ్గర్నుంచి ప్రపంచ కప్ కోచ్‌ల దాకా అందరి చదువు గురించీ పట్టించుకున్నాడు. 2021 జనవరి 26న, 84 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆయనకు చాలా భాషలు వచ్చు. ఏ దేశం వెళితే ఆ దేశంలో నలుగురి ముందూ నిలబడి, తనది కాని భాషలో, తన యాసతోనే మాట్లాడాడు. విల్లాలో మాట్లాడాడు, ఓడాడు. నవ్వులు విన్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత గ్లాస్గోలో మళ్లీ ఆ మైకుల ముందుకే వచ్చి కూర్చున్నాడు. ఆ గదిలోకి రెండోసారి వెళ్లడం ఆయనకు తేలికగా ఉండి ఉంటుందని నేను అనుకోను. మా నాన్నగారు "వెంకులోసు" అన్నా, అమ్మ "తెల్లడాక్టరు" అన్నా, ఆ మనిషి చెక్కు చెదరలేదని మాత్రం చెప్పగలను.

ఇక ఈ నెల పని. "చెక్కు" అనే మాటతో మూడు వాక్యాలు రాసి పంపండి. ఒక దాంట్లో తొక్క, ఒక దాంట్లో శిల్పం, మూడో దాంట్లో "చెక్కు చెదరలేదు" రావాలి. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య, ఎవరున్నా అడగండి. వాళ్లకు ఇంకో అర్థం తెలిసి ఉండొచ్చు, తెలిస్తే అదీ రాయండి. కెడా చెల్లెమ్మా, నువ్వు తప్పకుండా రాయాలి. నాలుగో వాక్యం కూడా నీకు మాత్రమే ఇస్తున్నాను: "పొగబండి" అన్న మాట అందులో ఉండాలి. వచ్చే నెల మొదట నీదే వేస్తాను.